నాన్న గోడలో లేడు

1. సోమవారం

అయ్యా, లేదా అమ్మా,

ముందుగా నా రాతకి మన్నించాలి. అక్షరాలు కుదురుగా రావు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో సరిగ్గా తెలీదు. మీద ఊళ్లో ఉన్నప్పుడు ఐదో తరగతి దాకా చదివాను. తర్వాత ఎండలు ముదిరి ఊరు ఊరంతా ఈ పాత బొగ్గుగనిలోకి దిగింది. దిగినప్పుడు నాకు పని దొరికింది, చదువు దొరకలేదు. ఇప్పుడు వేళ్లు కూడా వణుకుతున్నాయి. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

మా నర్సమ్మ ప్రసన్నరాణి గారు రాయమన్నారు. ఇంటిపట్టున ఉండి పిల్లల్ని పెంచేవాళ్లకి, వేరే గనిలో అలాగే ఉండే మనిషిని ఒకరిని జోడీ చేస్తారట. ఏ రోజు ఏం జరిగిందో రాసి సరుకుల బండిలో పంపాలట. నోటితో ఎలాగూ చెప్పరు, కాగితం మీదైనా చెప్పండి అన్నారావిడ. మీ పేరు కూడా నాకు చెప్పలేదు. తెలియని మనిషికి ఏం రాయాలో తోచడం లేదు.

నా పేరు ఎలమందయ్య. డెబ్బై దాటాయి. కూతురు తొలకరికి నాలుగు నిండబోతున్నాయి. ఈ కాలంలో ఈ వయసులో తండ్రి కావడం వింతేం కాదు. అయినా కొత్తవాళ్లు నన్ను దాని తాత అనుకుంటారు. నేను కాదనను. కాదంటే మళ్లీ మాట్లాడాలి.

మా ఆవిడ నీలవేణి సముద్రం మీద మేఘాలు తోలే ఓడలో పని చేస్తుంది. వానాకాలం అయ్యాక గానీ రాదు. అప్పటిదాకా ఇంట్లో నేనూ తొలకరీ.

ఇవాళ ఏం జరగలేదు. గోడ తడిపాను. జావ కాచాను. పిల్ల తింది. గోడ తడిపాను.

2. బుధవారం

మీ గనిలో గదులు ఎలా చల్లబరుచుకుంటారో తెలీదు. మా దగ్గర ప్రతి గదికీ ఒక గోడ వట్టివేళ్లతో కడతారు. గాలి దాని వెనకనుంచి వస్తుంది. పొద్దునా సాయంత్రం చెంబుతో పైనుంచి కిందిదాకా తడపాలి. ఒక పూట మరిచిపోయామా, మధ్యాహ్నానికి గది కుంపటే. తొలకరి కూడా చిన్న గిన్నెతో సాయం వస్తుంది. గోడకంటే తనే ఎక్కువ తడుస్తుంది. మళ్లీ ఒళ్లు తుడిచి గౌను మార్చడం నా పని.

ఈమధ్య ఒంట్లో సత్తువ లేదు. జబ్బేం కాదు. చొక్కా తిరగేసి తొడుక్కుంటున్నాను. జావలో ఉప్పు వేశానో లేదో గుర్తుండక మళ్లీ వేస్తున్నాను. నిన్న తొలకరి బిందె దొర్లించింది. అరిచాను. నేను అరిచే మనిషిని కాదు. అది ఏడవలేదు. గౌను విప్పి నేల తుడవడం మొదలుపెట్టింది. ఆ చిన్న వీపు చూసి నాకు అన్నం సహించలేదు.

పక్కగదిలో ఇస్మాయిల్ ఉంటాడు. అతనూ ఇంటిపట్టునే. కవల మగపిల్లలు. భార్య పట్టాల మరమ్మతుకి వెళ్తుంది. అతను నన్ను చూసి, ఈసారి గాలివంతుకి వెళ్లు బాబాయ్ అన్నాడు. ఈసారిది పెళ్లివాళ్లకి ఇచ్చేశానని చెప్పాను.

మీకూ ఉండే ఉంటుంది ఈ గాలివంతు. చలికాలంలో నెలకోసారి ఇంటిమనిషి లిఫ్టులో మీదికి వెళ్లి, కొండమీది సత్రంలో ఒక పగలూ రాత్రీ ఉండి దిగాలి. మా దగ్గర వంతు ఇంకొకరికి ఇచ్చేసే అలవాటు ఉంది. పెళ్లికి కానుకగా ఇస్తారు. జబ్బుపడి లేచినవాళ్లకి ఇస్తారు. తొలకరి పుట్టాక వచ్చిన వంతులన్నీ నేను ఇచ్చేశాను. అడిగినవాళ్లకి ఇచ్చాను. అడగడానికి మొహమాటపడేవాళ్ల గడప తొక్కి మరీ ఇచ్చాను.

బయట ఎండలో ఒళ్లు మాడ్చుకునేవాళ్లకి విశ్రాంతి కావాలి. నీడపట్టున కూర్చుని జావ కాచేవాడికి ఎందుకు? ఇదీ నా ఆలోచన. ఇస్మాయిల్‌తో ఇదే అన్నాను. అతను నవ్వి, "నీ వంతులతో సగం గని గాలి పీల్చింది బాబాయ్, నువ్వు మాత్రం వట్టివేళ్లు పీల్చుకుంటూ కూర్చో" అన్నాడు.

3. శుక్రవారం

ఇవాళ రాయకూడదనుకున్నాను. కానీ రాయాలి.

పొద్దున గోడ తడుపుతూ నిద్రపోయాను. నిలబడే. చెంబు చేతిలోనే ఉంది, తల గోడకి ఆనింది, అంతే. మెలకువ వచ్చేసరికి గది నిండా మాడిన వాసన. పొయ్యిమీద గిన్నె నల్లబడింది. తలుపు తీసి ఉంది. తొలకరి లేదు.

ఎటు పరుగెత్తానో తెలీదు. పెద్ద సొరంగంలో జనం గుమిగూడి ఉన్నారు. సరుకుల బండ్లు వరసగా ఆగిపోయి ఉన్నాయి, ఒకదాని వెనక ఒకటి, చివర కనబడనంత దూరం. మా బండ్లకి తోలేవాళ్లుండరు. మనిషి అడ్డొస్తే అవే ఆగుతాయి. ముందు బండికి ఎదురుగా, పట్టాల మధ్య తొలకరి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వేరుశనక్కాయలు ఒలిచి బండి ముందు ఒక్కో గింజా పెడుతోంది. తిను, తిను అంటోంది.

బండి ఆగింది కాబట్టి సరిపోయింది. ఆగకపోతే అన్నది నేను రాయలేను.

దాన్ని చంకనేసుకుని, మిగిలిన వేరుశనక్కాయలు ఏరుకుని ఇంటికి వచ్చాను.

4. శనివారం

నర్సమ్మ వచ్చారు. నా నాడి చూశారు. కనురెప్పలు పట్టి చూశారు. మాడిన గిన్నె చూశారు. కూర్చున్నాక మెల్లగానే చెప్పారు. ఈ నెల వంతు నేను తీసుకోవాలి. పెళ్లివాళ్లతో ఆవిడే మాట్లాడతారు. తీసుకోకపోతే, తీసుకుని నిలబెట్టుకోకపోతే, నీలవేణి ఓడ దిగేదాకా తొలకరిని ఉమ్మడి పిల్లలగదికి మారుస్తారు. అది మా సొరంగానికి అటు కొసన ఉంది. పెద్దవాళ్లు వారానికోసారి చూసి రావచ్చు.

నేను తల వంచుకుని విన్నాను. ఆవిడ తప్పేం లేదు. పిల్ల పట్టాల మీద కూర్చుంది మరి.

"మీకు శిక్ష వేస్తున్నాననుకోకండి ఎలమందయ్య గారూ. సంపు పూడిక తీయడానికి పంపు ఆపుతాం కదా, మనిషిని ఆపకూడదా?" అన్నారు.

నేను లేకపోతే పిల్ల ఉండదని అన్నాను. దాన్ని నేనూ వాళ్లమ్మా తప్ప ఎవరూ ఎత్తుకోలేదు. ఎవరి చేతి ముద్దా తినలేదు. అందుకు ఆవిడ గోడ వెనకున్న మాటపెట్టె చూపించారు.

ఇక్కడ అన్ని ఇళ్లలో ఉంది అది. ఇంటిమనిషి గొంతు అందులో పెడితే, పిల్ల కదిలినప్పుడల్లా ఆ గొంతుతో మాట్లాడుతుంది. పిల్ల నిద్రలో ఉన్నప్పుడు పెద్దవాళ్లు చప్పుడు చేయకుండా వెళ్లిపోతారు. లేచాక పెట్టె పలుకుతూ ఉంటుంది. చెప్పి వెళ్తే ఏడుస్తారని ఇక్కడ ఎవరూ చెప్పి వెళ్లరు. పిల్లలకి పసిగుడ్డుగా ఉన్నప్పటినుంచీ పెట్టెని అలవాటు చేస్తారు. నా గొంతు నేను వినాలంటే నాకు సిగ్గు. అందుకని ఒక్కసారీ వాడలేదు.

నర్సమ్మ ఎదురుగా నాలుగు మాటలు చెప్పాను. అన్నం తిను బంగారం. ఏడవకు. పడుకో. ఇక్కడే ఉన్నాను.

5. మంగళవారం

వెళ్లాను. వచ్చేశాను.

నిన్న తెల్లవారకముందే, తొలకరి నిద్రలో ఉండగా దొంగలా చెప్పులు చేతపట్టుకుని బయటపడ్డాను. పిల్లని చూసుకునేందుకు ఇస్మాయిల్ ఒప్పుకున్నాడు. సత్రం చేరి చలికి వణుకుతూ టీ గ్లాసు పట్టుకున్నానో లేదో, కిందినుంచి పిలుపు వచ్చిందన్నారు. ఎండ కొండ దిగకముందే మళ్లీ లిఫ్టులో ఉన్నాను.

జరిగింది ఇస్మాయిల్ చెప్పాడు. లేవగానే తొలకరి నన్ను వెతుక్కుంది. గోడలోంచి నా గొంతు, ఇక్కడే ఉన్నాను అంది. అది గోడ దగ్గరికి వెళ్లి, నాన్నా బయటికి రా అంది. పెట్టె మళ్లీ, ఇక్కడే ఉన్నాను అంది. పిల్ల కుదురుగానే ఉంది కదా, నాన్న గొంతు వింటోంది కదా అని, ఇస్మాయిల్ తన పిల్లలకి తినిపించడానికి పక్కగదిలోకి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి తొలకరి గంటె పుచ్చుకుని వట్టివేళ్లు పెరికేస్తోంది. సగం గోడ నేలమీదే ఉంది. చేతివేళ్లు చీరుకుపోయి నెత్తురు. ఏడవడం లేదట. పని చేస్తోందట. నేను లోపల ఇరుక్కుపోయానని, నన్ను బయటికి తీస్తోందని.

అతను చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించే మనిషి.

నేను తలుపులోంచి వచ్చాను. తొలకరి నన్ను చూసింది. గోడవైపు చూసింది. దగ్గరికి రాలేదు. చాలాసేపటికి వచ్చి నా గడ్డం తడిమింది. 

"నువ్వు ఏ నాన్నవి?" అంది.

6. గురువారం

గోడ మళ్లీ కట్టాను. తడి వట్టివేళ్లు కొత్తవి తెచ్చి పొరలు పొరలుగా పేర్చి తాళ్లతో బిగించాను. ఇస్మాయిల్ సాయం పట్టాడు. గది రెండు రోజులు కాగిపోయింది. పిల్లకి చెమటకాయలు లేచాయి.

తొలకరి నా ఒళ్లో కూర్చునే గోడకి చెవి ఆనిస్తోంది. నేను అన్నం కలుపుతుంటే ఒక ముద్ద తీసుకెళ్లి గోడకి పెట్టి వస్తోంది.

నిన్న నీలవేణి మాట వచ్చింది ఓడనుంచి. సగం గాలి హోరే. జరిగిందంతా నర్సమ్మ చేరవేశారట. నేను పిల్ల గురించి మొదలుపెట్టేసరికి ఆగమంది. "పిల్ల సంగతి తర్వాత. నువ్వు కడుపునిండా నిద్రపోయి ఎన్నాళ్లయింది చెప్పు" అంది. నేను వేళ్లమీద లెక్కపెట్టబోయాను. "నాలుగేళ్ల నుంచీ నేను ఫోన్ చేసినప్పుడల్లా బానే ఉన్నాం అంటావు. ఉన్నాం ఏంటి. నువ్వు ఎలా ఉన్నావో ఒక్కసారైనా చెప్పావా?" అని కోప్పడింది. అటు తర్వాత హోరు ఎక్కువై మాట తెగిపోయింది. తెగకపోయినా నేను ఏం చెప్పి ఉండేవాణ్నో తెలీదు.

వంతు సగంలో వదిలి వచ్చినవాళ్లకి మళ్లీ ఒకటి ఇస్తారు. ఒక్కటే. అది ఆదివారం. ఈసారి నిలబెట్టుకోకపోతే పిల్లలగదే అని నర్సమ్మ మళ్లీ చెప్పారు. ఈసారి పెట్టెలో ఇంకొన్ని మాటలు పెడదాం, పాట పెడదాం అన్నారు.

నేను వద్దన్నాను. పిల్లకి చెప్పి వెళ్తాను అన్నాను.

ఆవిడ ఆశ్చర్యపోయారు. "గొంతు పోయేదాకా ఏడుస్తుందండీ."

"ఏడవనివ్వండమ్మా. నేనెక్కడున్నానో తెలిసి ఏడుస్తుంది. గోడ తవ్వేకంటే నయం కదా."

నేను ఎవరికీ ఎదురు చెప్పిన మనిషిని కాదు. చెప్పాక చెవులు వేడెక్కాయి. సరే మీ ఇష్టం అన్నారావిడ.

7. శుక్రవారం

గోడ వట్టివేళ్లు కొంచెం పక్కకి తీసి పెట్టె బయటికి లాగాను. తొలకరిని పక్కన కూర్చోబెట్టాను. కుండమూత అంత ఉంటుంది. నొక్కాను. పడుకో అంది నా గొంతుతో. తొలకరి ఉలిక్కిపడి నా నోటివైపు చూసింది. నేను నోరు మూసుకుని మళ్లీ నొక్కాను. ఇక్కడే ఉన్నాను అంది పెట్టె.

"నాన్న ఇందులో లేడు. ఇది నాన్న మాట అంతే. నాన్న ఇదిగో" అన్నాను.

అది పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసింది. బోర్లించి తట్టింది. లోపల ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, మన గోడలోంచి పో అంది దానితో. ఇద్దరం కలిసి తీసుకెళ్లి నర్సమ్మ గదిలో ఇచ్చి వచ్చాం.

తర్వాత ఆదివారం మీదికి వెళ్తానని చెప్పాను. సోమవారం వస్తానని చెప్పాను. ఎందుకు అంది. నాన్న అలిసిపోయాడు అన్నాను.

ఈ మాట పైకి అనడం నాకు ఇదే మొదలు. నాలుగేళ్ల పిల్లతో అన్నాను.

"పడుకో మరి" అంది తొలకరి. వచ్చి తన చిన్న దుప్పటి నామీద కప్పింది. అది మోకాళ్లదాకే వచ్చింది.

8. సోమవారం

వెళ్లి వచ్చాను. పూర్తిగా.

ఆదివారం తొలకరి లేచేదాకా ఆగాను. ముఖం కడిగాను. జావ తాగించాను. అప్పుడు చెప్పాను, వెళ్తున్నానమ్మా అని. ముందు సరే అంది. చెప్పులు వేసుకుంటుంటే చొక్కా పట్టుకుంది. తర్వాత నర్సమ్మ అన్నట్టే ఏడిచింది. ఇస్మాయిల్ దాని వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసి ఎత్తుకున్నాడు. వెళ్లు బాబాయ్, వెనక్కి చూడకు, చూస్తే నువ్వు వెళ్లవు అన్నాడు. చూడలేదు. లిఫ్టు తలుపు మూసుకునేదాకా ఏడుపు వినబడుతూనే ఉంది. లిఫ్టులో ఉన్నవాళ్లు నన్ను చూసి నేల చూపులు చూశారు.

సత్రం నడిపే ఆవిడ పేరు తిరపతమ్మ. నాకంటే పెద్దది. పోగానే ఒక మంచం చూపించింది. నాకు మంచం మీద కూర్చోవడం చేతకాలేదు. ఎవరో తిని వదిలేసిన పళ్లాలు కనిపిస్తే తీసుకెళ్లి కడగడం మొదలుపెట్టాను. ఆవిడ వచ్చి నా చేతిలోంచి పీచు లాక్కుంది.

"ఇదిగో పెద్దాయనా, ఇంకో పళ్లెం ముట్టుకున్నావంటే కిందికి తోలేస్తా. చేతులు జేబులో పెట్టుకో" అంది. నా చొక్కాకి జేబు లేదు. ఆ మాట చెబితే, అయితే సంకలో పెట్టుకో అంది.

నీళ్లు కాచి ఇచ్చారు. తలుపు వేసుకుని స్నానం చేశాను. ఇంట్లో నేను తలుపు తీసి పెట్టి, పిల్లమీద ఓ కన్ను వేసి నాలుగు చెంబులు పోసుకునేవాణ్ని. ఇక్కడ నీళ్లు చల్లారేదాకా కూర్చున్నాను. కాలిగోళ్లు కత్తిరించుకున్నాను, అవి అంత పెరిగాయని అప్పుడే చూశాను. అన్నంలో పప్పు వేశారు. పొగలు కక్కుతోంది. ఎవరికీ తినిపించకుండా, మధ్యలో లేవకుండా, వేడివేడిగా ఆఖరి ముద్దదాకా తిన్నాను. ఆ ముద్ద దగ్గర ఏడుపొచ్చింది. ఎందుకో మీకు చెప్పనక్కర్లేదనుకుంటాను.

తిన్నాక ఎండ ఆపే వలల కింద పెంచే చెట్ల మధ్య చాప వేసుకుని పడుకున్నాను. మామిడి కావచ్చు, పూత మొదలైంది. గాలి ఒక్కో ఆకునీ విడిగా కదుపుతోంది. ఎప్పుడు నిద్రపట్టిందో తెలీదు. లేచేసరికి పొద్దు వాలింది. ఒళ్లు మళ్లీ నాదైనట్టు ఉంది. అప్పుడు ఒక భయం పట్టుకుంది. ఇంతసేపు తొలకరి నాకు గుర్తే రాలేదు. నేనేం తండ్రిని అనిపించింది. తిరపతమ్మతో అన్నాను. నిద్రలో ఉన్నవాడికి ఎవరు గుర్తుంటారయ్యా అని ఆవిడ తన పనిలో తను పడింది.

కిందినుంచి పిలుపు రాలేదు. వస్తుందేమోనని చూస్తూ ఉన్నాను కానీ రాలేదు.

ఇవాళ దిగాను. లిఫ్టు దగ్గరనుంచి గదిదాకా నా కాళ్లు పరుగులాంటి నడక నడిచాయి. తలుపు దగ్గర నిలబడ్డాను. తొలకరి ఇస్మాయిల్ పిల్లలతో కలిసి బండ్ల ఆట ఆడుతోంది. తనే ముందు బండి. నన్ను చూసింది.

"వచ్చావా" అంది. మళ్లీ ఆటలో పడింది.

అంతే. పరుగెత్తుకు రాలేదు. మెడ పట్టుకోలేదు. దారంతా నేను అనుకున్నది వేరు. కొంచెం నొచ్చుకున్నాను, ఎందుకు దాచాలి. ఇస్మాయిల్ చెప్పాడు, నిన్న మధ్యాహ్నందాకా ఏడిచిందట. తర్వాత అతని చేతి ముద్ద తిందట. గోడ దగ్గరికి వెళ్లనేలేదట. నాన్న మీద ఉన్నాడు, రేపొస్తాడు అని కవలలకి అదే చెప్పిందట.

నర్సమ్మ వచ్చి చూశారు. నా రెప్పలు మళ్లీ పట్టి చూశారు. పిల్ల మీ దగ్గరే ఉంటుంది అన్నారు. ఇకనుంచి ఏ వంతూ పోగొట్టుకోకూడదు, అదీ మాట.

సాయంత్రం నీటి పంపు దగ్గర పనిచేసే ఆయన ఒకరు వచ్చారు. మర్యాదస్తుడు. వచ్చే నెల నా వంతు వాళ్లమ్మకి ఇస్తానేమో అడగడానికి వచ్చారు. ఎలమందయ్య గారు కాదనరు అని అందరూ చెప్పారట. పెద్దావిడ ఆకాశం చూసి చాలా కాలమైందట. 

నా నోట్లో సరే అన్న మాట తయారుగా ఉంది. తొలకరి నా పక్కనే కూర్చుని చెమటకాయలు గోక్కుంటోంది.

"ఇవ్వలేనండి. అది నాకు కావాలి" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. పర్లేదండి అని వెళ్లిపోయారు. నేను అప్పటినుంచీ కుదురుగా లేను. నర్సమ్మకి చెప్పి ఆ పెద్దావిడకి వేరే దారి చూడమన్నాను. చూస్తామన్నారు. అయినా ఆ ముఖమే కళ్ల ముందు ఉంది. కాదన్నాక మనిషికి ఇలాగే ఉంటుందా? మీకు ఎప్పుడైనా అయిందా? ఎన్ని రోజులకి తగ్గుతుంది? 

ఇంకొక మాట. మిమ్మల్ని కూడా నాకు రాయమన్నారంటే, మీరూ నోటితో చెప్పని మనిషే అయి ఉంటారు. మీ ఇంట్లో పసివాళ్లెవరో, మీ వంతు ఎప్పుడో నాకు తెలీదు. ఎవరైనా అడిగితే మీరూ ఇచ్చేస్తున్నారేమో అని ఇందాకటినుంచీ నాకు బెంగగా ఉంది. పరాయి మనిషిని, చెప్పే చనువు లేదు. అయినా చెబుతున్నాను. ఈసారి ఇవ్వకండి. పిల్లలకి చెప్పి, వెళ్లి రండి. అన్నం వేడిగా తినండి.

సరుకుల బండి రేపు బయలుదేరుతుంది. తిరుగు బండిలో రెండు ముక్కలైనా రాయండి. మీ అక్షరాలు ఎలా ఉన్నా నేను చదువుకుంటాను. ముఖ్యంగా మీరు ఎలా ఉన్నారో రాయండి, పిల్లల సంగతి తర్వాత. ఆలస్యం చేయకండి, ఎదురుచూస్తుంటాను.

ఎలమందయ్య